రెండు గదుల మ్యూజియం

మా బాపుకు మెల్లగా మాట్లాడటం రాదు. సూరత్ ఖాతాల్లో, అంటే నేత షెడ్లలో, నలభై ఏళ్లు సాంచల మధ్య నిలబడ్డ వాళ్లెవరికీ రాదు. సాంచలంటే మరమగ్గాలు. వంద సాంచలు ఒక్కసారిగా కొట్టుకునే చోట మనిషి గొంతు ఎందుకూ పనికిరాదు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవాలి, లేదంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. ఆ అరుపు వాళ్లతోపాటే ఇంటికీ వస్తుంది. బాపు నన్ను ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు కూడా తమ ఉప్పు డబ్బా కోసం లేస్తారు. అలాంటి మనిషిని తీసుకెళ్లి, చీమ చిటుక్కుమన్నా వినబడే చోట కాపలా కూర్చోబెట్టింది నేనే. పోయిన వేసవి సంగతి ఇది.

శివరాత్రి వెళ్లిన వారానికి ఖాతా సేటు పాత సాంచలన్నీ తుక్కు ఇనుముకు అమ్మేసి, నీటి ధారతో నడిచే కొత్త మిషన్లు దింపాడు. వాటి వేగానికి కుర్రవాళ్లే కావాలట. అరవై మూడేళ్ల ఆగయ్యను, అంటే మా బాపును, మిఠాయి డబ్బా చేతిలో పెట్టి మర్యాదగానే పంపించారు. డబ్బా తెచ్చి మా అమ్మాయి రుచిత చేతికిచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడు నెల దాటినా లేవలేదు.

నవాగామ్‌లో మాది ఒక గది, ఒక వంటిల్లు. మా ఆయన చిరంజీవి పల్సానాలో రంగుల మిల్లుకు వెళ్తాడు. నేను ఇంట్లో చీరలకు ఫాల్ కుడతాను. బాపుకు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. నేను మిషన్ తొక్కుతుంటే దాని పక్కనే ఒరిగి కునుకు తీసేవాడు, దారం మార్చడానికి ఆపితే టక్కున కళ్లు తెరిచేవాడు. తిండి తగ్గింది. ఏమైందని అడిగితే ఏం కాలేదని అరిచేవాడు. బాధ ఉన్నట్టు ఒక్కసారీ చెప్పలేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూస్తుండేవాడు. ఒకరోజు మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "మామ గిట్లనే కూసుంటే ఈ యేడు ఎల్లది కరుణా" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు వచ్చిన కోపమది.

అలాంటప్పుడు హంసాబెన్ కనబడింది. కార్పొరేషన్ బడిలో నాకు ఏడో తరగతిలో గుజరాతీ చెప్పిన టీచరమ్మ ఆవిడ. ఈ ఊళ్లో టీచర్లను బెన్ అనే పిలుస్తారు. రిటైరయ్యాక గోపీపురాలో ఒక చిన్న మ్యూజియం చూసుకుంటోంది. వాళ్ల తాతగారు పోగుచేసిన వస్తువులు, వాళ్ల పాత ఇంట్లోనే కింది రెండు గదులు. కాపలా మనిషి పని మానేసి సొంతూరు వెళ్లిపోయాడని, నమ్మకంగా కూర్చునేవాళ్లు దొరకడం లేదని చెప్పింది. మా బాపు ఉన్నాడన్నాను. అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి, ఉండగలడా అని అడిగింది. ఆయన అసలు నోరే విప్పడని చెప్పాను. చిన్నప్పుడు హోంవర్క్ విషయంలోనూ ఆవిడకు ఇంతే ధైర్యంగా అబద్ధాలు చెప్పేదాన్ని.

మ్యూజియం అనగానే పెద్ద మెట్లూ, గోపురమూ ఊహించుకోకండి. సన్నటి సందులో రెండంతస్తుల కొయ్య ఇల్లు. బయట చెప్పుల షాపుకు ఉన్నంత బోర్డు కూడా లేదు. మొదటి గదిలో చెక్కిన తలుపులు, స్తంభాలు, ఇత్తడి దీపాలు, కాసులు దాచుకునే పెట్టెలు. రెండో గది నిండా బట్టలు. రోజుకు ఐదారుగురు వస్తారు. వాళ్లలో ఇద్దరు ఎండకు తాళలేక వచ్చినవాళ్లే అయి ఉంటారు.

మొదటి వారం బాపు కూర్చోలేదు. హంసాబెన్ వేయించిన కుర్చీని గోడవారగా జరిపి, ఒక అద్దాల పెట్టె నుంచి ఇంకో పెట్టెకు తిరుగుతూనే ఉన్నాడు. ఖాతాలో ఎనిమిది సాంచల చుట్టూ తిరిగినట్టే ఇక్కడా తిరిగాడు. ఏ పెట్టె ముందైనా కాస్త ఆగి, వంగి చూసి, సరిగ్గానే నడుస్తోందన్నట్టు ముందుకు సాగేవాడు. నాకది చూసి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన్ను చివరికి కూర్చోబెట్టింది ఒక చీర. తన్‌చోయి అంటారు దాన్ని. ఈ సూరత్ నేతగాళ్లే నేసిన పట్టు, ఊదా రంగు మీద వేలెడంత పిట్టలు, పక్కపక్కనున్న ఏ రెండు పిట్టలూ ఒకే వైపు చూడవు. నూట యాభై ఏళ్ల నాటిదని హంసాబెన్ చెప్పింది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని బాపు రోజంతా చూసేవాడు. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే, బస్సులో నాకు వినిపించేవాడు, అంటే బస్సంతటికీ వినిపించేవాడు. మూడో వరుసలో పిట్ట ముక్కు దగ్గర నేతగాడు కాస్త తొందరపడ్డాడట. ఐదో వరుసకు వచ్చేసరికి వాడి చెయ్యి కుదురుకుందట. ఆ మనిషెవరో బాపుకు బాగా తెలిసినవాడైపోయాడు. ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తినడం మొదలుపెట్టాడు. మిషన్ చప్పుడు లేకుండా నిద్రపోయాడు. ఆ కుర్చీ మా బాపును బతికించింది. నేను ఇందులో ఏమీ పెంచి చెప్పడం లేదు.

ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తీసుకెళ్లేసరికి, ఎండకు భయపడి లోపలికొచ్చిన కొత్త జంటొకటి ఆయన చేతికి చిక్కి ఉంది. వచ్చీరాని హిందీలో, వచ్చినంతా అరుపుగా, ఒక్క పిట్టకు ఎన్ని పోగులు లేవాలో, ఎన్ని దిగాలో వాళ్లకు చెబుతున్నాడు. నా అబద్ధం బయటపడిందని హంసాబెన్ వైపు చూశాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు మీదుగా నన్ను చూసి, మళ్లీ పేపర్లో తల దూర్చింది. ఆ జంట గంటసేపు ఉంది. వెళ్లేటప్పుడు ఆ పిల్ల బాపుకు దండం పెట్టింది.

ఏప్రిల్లో ముంబై నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పెద్ద మ్యూజియంలో పాత బట్టల ప్రదర్శన పెడుతున్నారు, మే నుంచి రెండు నెలలు. మీ తన్‌చోయి కావాలని అడిగారు. హంసాబెన్ ఆ ఉత్తరం నాకూ, పాలవాడికీ, ఎదురింటి దర్జీకీ చదివి వినిపించింది. తీసుకెళ్లే ముందు రోజు పొద్దున ముంబై నుంచి ఒకతను వచ్చి, చీరను పెట్టెలోంచి తీసి తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, అంగుళం అంగుళం ఫోటోలు తీశాడు. ఏ చిరుగు ఎక్కడుందో కాగితం మీద రాశాడు. చీర ఈ స్థితిలో ఉందని హంసాబెన్ సంతకం పెట్టింది. తిరిగొచ్చాక అవే ఫోటోలు పక్కన పెట్టి సరిచూస్తారట.

ఆ మధ్యాహ్నం జరిగింది నాకు నెల తర్వాతగానీ తెలియలేదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను.

ఫోటోలతను వెళ్లిపోయాడు, చీర బల్ల మీదే ఉంది. హంసాబెన్ భోజనానికి మేడ మీదికి వెళ్లింది. గదిలో బాపు ఒక్కడే. అన్ని రోజులూ అద్దం వెనక నుంచి చూసిన బట్ట మొదటిసారి చేతికందే దూరంలో ఉంది. పమిట అంచు దగ్గర ఒక పోగు తెగి ఉంది. రెండు కొసలూ పైకి లేచి విడివిడిగా పడి ఉన్నాయి. అవి ఎప్పుడో మన ముత్తాతల కాలంలో తెగి ఉంటాయి. కానీ సాంచ మీద పోగు తెగితే నేసేవాడు ఎప్పుడు తెగిందని అడగడు. ఆలోచించడు కూడా. ముందు చెయ్యి వెళ్తుంది. ఒక్క పోగు వదిలితే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది, రోజుకు అలాంటివి నూరు ముడులు, అలాంటి రోజులు నలభై ఏళ్లు. బాపు వేలు నాలుకకు తాకించి తడిచేసుకున్నాడు. కొసలు రెండూ కలిపి, తిప్పి, ముడి వేసి, గోటితో నొక్కాడు. వెంట్రుకంత ముడి. వేశాక గానీ తానెక్కడున్నాడో గుర్తు రాలేదట.

హంసాబెన్ మేడ దిగేసరికి బాపు రెండు చేతుల మీదా కూర్చుని ఉన్నాడు. ఆవిడ సంతోషంగా టీ కప్పు అందించింది. తాగాక చెప్దామనుకున్నాడు. తర్వాత రేపు చెప్దామనుకున్నాడు. పొద్దున్నే వ్యాన్ వచ్చింది.

చీర వెళ్లిన రోజు నుంచి మా ఇంట్లో మళ్లీ రొట్టెలు మిగలడం మొదలైంది. ఖాళీ పెట్టె చూసి బెంగపడ్డాడని నేననుకున్నాను. ఒకరోజు ఉన్నట్టుండి, ముంబై పోవాలి, చీరను చూడాలి అన్నాడు. బాపు జన్మలో నన్నేదీ అడగలేదు. కొత్త పంచె కూడా అడగలేదు. మే నెల చివరి ఆదివారానికి రుచిత ఫోన్‌లో ఆ మ్యూజియానికి పదకొండు గంటల టికెట్లు పట్టింది. తాతా మనవరాలూ నేనూ, చపాతీలూ మామిడికాయ తొక్కూ కట్టుకుని, తెల్లవారగానే ఉధనాలో రైలెక్కాం.

ఆ జనాన్ని ఏమని చెప్పను. టికెట్ మీద పదకొండని ఉన్నా వరుస కాంపౌండు గోడ చుట్టూ తిరిగి రోడ్డెక్కింది. లోపలికి వెళ్లేసరికి ఒంటి గంట. శివరాత్రికి వేములవాడలో రాజన్న దర్శనానికి నిలబడినట్టే ఉంది, అక్కడ కనీసం బయటికొస్తే లడ్డూ దొరుకుతుంది. ఇక్కడ ముందువాడి మెడ, వెనకవాడి మోచెయ్యి. గదిగదికీ ఒక సెక్యూరిటీ మనిషి, ఆగకుండా ముందుకు నడవండి, నడవండి అంటున్నాడు. వాళ్లను అనడానికేముంది, ఆగితే వెనకున్నవాళ్లు మీద పడతారు.

మా చీర నడి గదిలో ఉంది. నల్లటి గుడ్డ మీద, పై నుంచి ఒక్క దీపం వెలుగులో, పెళ్లిలో కూర్చోబెట్టిన పిల్లలా ఉంది. చుట్టూ రెండడుగుల ఎడంతో అడ్డుకడ్డీ, కడ్డీ చుట్టూ నాలుగు వరుసల మనుషులు, వాళ్ల తలల మీద ఫోన్లు. బాపు పొట్టి మనిషి. మునివేళ్ల మీద లేచాడు, అయినా అందలేదు. చివరికి ముందున్నవాడి ఫోన్ తెరలో చూశాడు. అందులో చీర అరచేతిలో సగం ఉంది. అంచు కనబడుతుందేమోనని పక్కకు జరిగాడు, జనం ఇంకో పక్కకు తోశారు. చూస్తుండగానే ఆయన తలుపు దాకా కొట్టుకుపోయాడు. ఇరవై అడుగుల దూరం నుంచి, అక్కడే నిలబడు అని పెదాలతో చెప్పాను. ఖాతా మనుషుల పిల్లలకు ఆ భాష పుట్టుకతోనే వస్తుంది. ఇంకోసారి లోపలికి పంపమని బతిమాలుకుంటే, టికెట్ ఒక్కసారికే అన్నారు. పొద్దున నాలుగింటికి లేచి వచ్చినవాళ్లం, చీర ముందు ఉన్నది అర నిమిషం.

బయట చెట్టు నీడలో డబ్బా విప్పాను. బాపు చపాతీ ముట్టలేదు.

"గా బట్టకు నేను ముడి ఏసిన బిడ్డా" అన్నాడు.

ఎప్పటిలాగే అరిచే చెప్పాడు. చుట్టూ తెలుగు తెలిసినవాళ్లు లేకపోవడం మా అదృష్టం. ఆ మధ్యాహ్నం జరిగిందంతా అప్పుడు చెప్పాడు. ముడి కనబడుతోందో లేదో చూద్దామని వచ్చాడట. హంసాబెన్ సంతకం పెట్టిందే, ఆవిడ మీదికి మాట వస్తుందేమోనని నెల రోజుల నుంచి అదే దిగులట.

ముందు నా మనసులోకి వచ్చింది హంసాబెన్ కాదు. ఆ కుర్చీ. అది పోతే బాపు మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఈసారి లేవడు.

"ఎవ్వరికన్న చెప్పినవా?" అని అడిగాను.

"ఎవ్వలకు చెప్పలే."

"చెప్పకు బాపూ. ఇంతమంది సూస్తున్నరు గదా, ఒక్కరికన్న కనబడ్డదా? రేపు సూరత్‌కొచ్చినంక గూడ ఎవ్వరికి కనబడది."

బాపు కాసేపు ఆ వరుస వైపు చూశాడు. అది ఇంకా రోడ్డు దాకా ఉంది.

"ఈడ కనబడది" అన్నాడు. "ఈడ ఎవ్వలు సూస్తలేరు, నడుస్తున్నరు. ఆడైతే మనిషి జర కూసోని సూస్తడు. ఆడ కనబడ్తది."

"కనబడితే నీ కుర్చీ పోతది."

"పోతది" అని ఒప్పుకున్నాడు.

రుచిత అంతా వింటోంది. హంసాబెన్‌కు గుజరాతీలో తాను చెప్తానంది, తాత హిందీకి ఆవిడ ఇంకా భయపడుతుందని. బాపు దాని తల నిమిరి వద్దన్నాడు. ముడి వేసింది తాను కాబట్టి చెప్పేదీ తానేనన్నాడు. అప్పుడు చపాతీ తీసుకుని తినడం మొదలుపెట్టాడు. ఒకటి తిన్నాక తొక్కు ఇంకాస్త వెయ్యమన్నాడు.

జూన్ నెలంతా నేను ఆయన మనసు మార్చాలని చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. హంసాబెన్‌కు కోపమొస్తే పోలీసుల దాకా వెళ్లవచ్చని బెదిరించాను. అమ్మ ఉంటే ఆమె కూడా ఊరుకోమనేదని ఒట్టు పెట్టాను. బాపు అన్నీ విని, అమ్మ ఉంటే ఆ రోజే చెప్పించేది అన్నాడు. అదీ నిజమే. మా అమ్మ జమునవ్వ అరగంట కూడా ఏదీ దాచలేకపోయేది.

నెలాఖరున, వాన పడుతున్న రోజు, చీర తిరిగొచ్చింది. ఆయనతోపాటు నేనూ వెళ్లాను, చివరి నిమిషంలోనైనా చెయ్యి పట్టుకుని ఆపుదామని. వానకు తడవకుండా కాలేజీ పిల్లలిద్దరు లోపల నిలబడి ఉన్నారు. హంసాబెన్ పెట్టె మూత తీసిందో లేదో, బాపు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"బెన్, ఇస్‌కో మైనే గాంఠ్ మారా" అన్నాడు. దీనికి ముడి వేసింది నేనే అని.

ఆ రెండు గదులూ, మేడ మెట్లూ, సందూ, ఎదురింటి దర్జీ కొట్టూ అన్నిటికీ వినబడింది. కాలేజీ పిల్లలు గొడుగు తెరుచుకుని వానలోకే వెళ్లిపోయారు.

హంసాబెన్‌కు మొదట అర్థం కాలేదు. బాపు వేలితో చూపించాడు, ఈసారి తాకకుండా. ఆవిడ భూతద్దం తెచ్చి వంగింది. చాలాసేపు వంగే ఉంది. తలెత్తినప్పుడు ఆవిడ ముఖంలో కోపం లేదు, ఉన్నా నాకు బాగుండేది. దెబ్బ తిన్న మనిషిలా ఉంది. ఆ చీరను వాళ్ల తాత చేతుల్లో ఉన్నప్పటి నుంచీ అరవై ఏళ్లుగా చూస్తోంది ఆవిడ. దాన్ని తాకాలంటే ఆవిడే చేతులు కడుక్కుని, ఉంగరం తీసి తాకుతుంది. బాపును చూడకుండా, గుజరాతీలో నాతో అంది, వడోదరా నుంచి బట్టలు బాగుచేసే ఆమెను పిలిపిస్తాను, అప్పటిదాకా మీ నాన్నను తీసుకురావద్దని. గొడుగు తెచ్చుకోవడం మర్చిపోయి ఇద్దరం తడుస్తూ వచ్చేశాం.

ఎనిమిది రోజులు. బాపు గోడ దగ్గర తన పాత చోటు వెతుక్కున్నాడు. నాకు ఆయన మీద కోపం, హంసాబెన్ మీద కోపం, ఆ చీర మీద, దాన్ని అడిగి తీసుకెళ్లినవాళ్ల మీద కోపం. అన్నిటికంటే ఎక్కువగా, ఆయన చెప్పినందుకు లోలోపల గర్వం ఉంది, దాన్ని ఒప్పుకోలేని మొండితనమూ ఉంది. మధ్యాహ్నాలు ఆయన పక్కన కుట్టు మిషన్ తొక్కేదాన్ని. కుట్టడానికి చీరలు లేని రోజు దారం లేకుండానే తొక్కాను. ఆయన కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదని నాకు తెలుసు.

తొమ్మిదో రోజు హంసాబెన్ ఫోన్ చేసింది. ఇద్దరూ రమ్మంది, ఇంకేమీ చెప్పలేదు.

వడోదరా ఆమె నడివయసు మనిషి, తక్కువ మాటలు. చీర బల్ల మీద ఉంది, గాలికి కదలకుండా ఫ్యాన్ ఆపేశారు. ముడి వల్ల పక్క పోగులు లాక్కుపోతున్నాయని, ఇలాగే వదిలేస్తే ఏడాదిలో అక్కడ చిరుగు పడుతుందని ఆమె హిందీలో చెప్పింది. కత్తిరిస్తే ఉన్న పోగు పోతుంది. సూదితో రెండు రోజులు ప్రయత్నించింది, లాగిన కొద్దీ బిగుసుకుంటోందట. ఇలాంటి ముడి తానెక్కడా చూడలేదంది. వేసిన మనిషే విప్పగలడేమో అడుగుదామనుకున్నారు.

నేను ఆ మాటలన్నీ బాపుకు చెప్పాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"ముడి ఏసుడే ఎరుక బిడ్డా" అన్నాడు. "విప్పుడైతే ఎన్నడు లేదు."

అయినా చేతులు కడుక్కున్నాడు. కుర్చీ వద్దని, బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వడోదరా ఆమె రెండు సన్నటి సూదులిస్తే ఒకటే తీసుకున్నాడు. ముడిని విప్పలేదు మొదట. దాన్ని వేసిన వరుసను వెనక నుంచి గుర్తు తెచ్చుకున్నట్టు, గాలిలో వేళ్లను తిరగేసి కదిలించి చూసుకున్నాడు. తర్వాత సూది మొన ఆనించాడు. గదిలో ఉక్క. ఆయన నుదుటి మీంచి చెమట జారుతుంటే బొట్టు చీర మీద పడకుండా నేను పక్కనే ఉండి కొంగుతో అద్దుతూ ఉన్నాను. మా బాపును అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. కనుబొమ్మల్లో ఎప్పటిదో దూది ధూళి ఇంకా ఉందేమోననిపించింది.

మధ్యలో ఎవరో ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు. హంసాబెన్ ఆయన్ను మొదటి గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆయన అక్కడి నుంచే, ఏమీ అడక్కుండా, మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ గడియారం చూడలేదు. ముప్పావు గంట పట్టి ఉంటుంది.

ముడి వదిలింది. రెండు కొసలూ విడిపోయి, వంకరగా లేచాయి. బాపు వాటిని సూది మొనతో ఒక్కొక్కటే ముందున్న చోట పడుకోబెట్టాడు. మధ్యలో ఆవగింజంత ఖాళీ. తెగిన పోగును చూస్తూ చూస్తూ తెగినట్టే వదిలిపెట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. సూదిని బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

వడోదరా ఆమె భూతద్దంలో చూసి, ముంబై వెళ్లే ముందు తీసిన ఫోటో పక్కన పెట్టి చూసి, తలూపింది. చీరను పెట్టెలో సర్ది అద్దం మూశారు. హంసాబెన్ ఆ తొమ్మిది రోజుల్లో మొదటిసారి బాపు ముఖంలోకి చూసింది. గోడవార ఉన్న కుర్చీని తానే రెండు చేతులా ఎత్తి తెచ్చి, చీర ఎదురుగా దాని పాత చోటులో పెట్టింది. కూర్చోమని చెయ్యి చూపించింది.

నా గుండె మీద నుంచి బరువు దిగింది. బాపు మాత్రం కూర్చోలేదు.

"ఈడ వద్దని చెప్పు బిడ్డా" అన్నాడు నాతో. "పెట్టెకు తాళం లేదు, కొక్కెమొక్కటే ఉన్నది. రోజు గా తెగిన పోగు ముంగట కూసుంటే ఎన్నడో ఒకనాడు మల్ల కడ్త. నాకు నా చేతుల మీద నమ్మకం లేదు."

గుజరాతీలో చెప్పాను. హంసాబెన్ విని, పెట్టె కొక్కెం వైపు చూసింది. తర్వాత నవ్వింది. బడిలో ఉన్నప్పుడు కూడా ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. కుర్చీని మళ్లీ ఎత్తుకుని మొదటి గదిలోకి తీసుకెళ్లి, చెక్కిన తలుపుకూ ఇత్తడి దీపాలకూ మధ్య వేసింది. ఆ గదిలో అన్నీ కొయ్యవీ ఇత్తడివీ. తెగేవి ఏవీ లేవు.

బాపు ఇప్పుడు అక్కడే కూర్చుంటాడు. సాయంత్రం తలుపులు మూసే ముందు మాత్రం ఒకసారి బట్టల గదిలోకి వెళ్తాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని, ఆ పోగు ముందు నిలబడతాడు. బస్సుకు ఆలస్యమవుతున్నా నేను పిలవను. హంసాబెన్ తాళంచెవులు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది. ముందుకు నడవమని ఎవరూ అనరు.